నల్లరేగడిలో తోట ఉరకెత్తితే: ముందు నీళ్లకు దారి, ఆ తర్వాతే జీవామృతం



పై వీడియోలో మా తోట తూర్పు గట్టున ఉన్న మురుగు కాలువ చూశారు కదా. వీడియోలో కాలువ కనిపిస్తుంది, వానలో నీళ్లు బిరబిరా పోవడం కనిపిస్తుంది. ఆ కాలువ తవ్వక ముందు నేను చేసిన తప్పులు మాత్రం కనిపించవు. ఎక్కువ మందికి పనికొచ్చేవి ఆ తప్పులే. కెమెరా ముందు చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డా, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. నల్లరేగడిలో, బంకమట్టిలో పండ్ల తోటగానీ, ఐదంచెల పంటగానీ, ఇంటి వెనక కూరగాయల పెరడుగానీ పెట్టాలనుకునే వాళ్లు ఒక్కసారి పూర్తిగా చదవండి. వానాకాలం వచ్చాక చదివితే లాభం లేదు.

తొమ్మిది రోజులు నిలబడ్డ నీళ్లు

మాది గుంటూరు జిల్లా. 2 ఎకరాల తోట, నూటికి నూరుపాళ్లు నల్లరేగడి. 2022లో నాటాం. నిమ్మ, జామ, మునగ, బొప్పాయి, మధ్యలో కూరగాయలు. పత్తి, మిరప తప్ప వేరే పంట ఎరగని పొలం అది. ఏడాదిన్నర బాగానే నడిచింది. గుంటూరులో 40 కుటుంబాలకు ప్రతి ఆదివారం కూరగాయలు, పండ్లు ఇచ్చేవాళ్లం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. వాన అందరికీ పడింది, అది మన చేతుల్లో లేదు. కానీ వాన ఆగాక మా తోట కింది సగంలో నీళ్లు తొమ్మిది రోజులు కదలకుండా నిలబడ్డాయి. అది మాత్రం మన చేతుల్లో ఉన్న పనే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మూడో రోజు పొద్దున వెళ్తే బొప్పాయి ఆకులు వేలాడేసి ఉన్నాయి. పిక్కల లోతు నీళ్లలో ఉన్న చెట్టు, ఎండాకాలం నీళ్లు లేక వాడినట్టు వాడిపోయింది. చూసిన వాళ్లకు వింతగా ఉంటుంది. కారణం ఇదీ. వేరు కూడా మనలాగే గాలి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోంచి దానికి ఆక్సిజన్ అందాలి. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే, నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే సుమారు 10 వేల రెట్లు నిదానం. ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ మట్టిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో వాడేసుకుంటాయి. ఇక వేరు ఊపిరాడక పని మానేస్తుంది, నీళ్లు పైకి లాగలేదు. చుట్టూ నీళ్లున్నా చెట్టుకు దప్పికే.

మన సాయంలో వాఫస అంటాం కదా, మట్టిలో గాలీ తేమా కలిసి ఉండటం, అది సున్నా అయిపోయిందన్నమాట. మా వైపు దీన్నే ఉరకెత్తడం అంటారు, తెలంగాణలో జాలు పట్టింది అంటారు.

బొప్పాయి 120 చెట్లు పెడితే పది రోజుల్లో 100కు పైగా కుళ్లి కూలిపోయాయి. మునగ సగం పోయింది. జామ ఆకులు పసుపెక్కినా తట్టుకుంది. నిమ్మ అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించింది. కానీ ఫిబ్రవరికల్లా మొదళ్ల దగ్గర బంక కారడం మొదలైంది. వేసవి దాటేలోగా 90 చెట్లలో 17 ఎండిపోయాయి. ఉరకెత్తిన నష్టం నీళ్లు పోయిన రోజుతో అయిపోదు, అది గుర్తుపెట్టుకోండి. వేర్లు చచ్చినచోట శిలీంధ్రాన్ని పోలిన ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవి చేరి నెలల తర్వాత చెట్టును తీసుకుపోతుంది.

కూరగాయలు మళ్లీ చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ 40 కుటుంబాల్లో సగం మంది వేరే చోట కొనడం అలవాటు చేసుకున్నారు.

చదువుకుని కూడా చేసిన తప్పులు

నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఉంటుందని, తడిస్తే ఉబ్బుతుందని, ఎండితే పగుళ్లిస్తుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. పొలంలో దిగేసరికి ఆ ముక్క గుర్తు రాలేదు.

*మొదటి తప్పు, గుంతలు.* ఒక్కో మొక్కకు 3 అడుగుల గుంత తీయించి, అందులో పశువుల ఎరువు, బయట నుంచి తెచ్చిన ఎర్రమట్టి, కాస్త ఇసుక కలిపి నింపా. మొక్కకు మెత్తగా ఉంటుందని. గుంతలో మట్టి గుల్లగా ఉంది, చుట్టూ గోడలు బంకమట్టి. వాన నీళ్లు గుల్లమట్టిలోకి సులువుగా దిగుతాయి, గోడల్లోంచి బయటకు పోవు. అంటే ప్రతి మొక్కకూ నేనే ఒక కుండ తయారుచేసి, అడుగున చిల్లు పెట్టకుండా వదిలేశా. చచ్చిన బొప్పాయి ఒకటి పీకి చూస్తే, పైన నేల ఆరినా గుంతలో అడుగు లోతు నీళ్లున్నాయి. కోడిగుడ్డు కుళ్లిన వాసన. ఆ వాసన వచ్చిందంటే అక్కడ గాలి ఆడి చాలా రోజులైందని అర్థం.

*రెండో తప్పు, కందకాలు.* ఐదంచెల పంట వీడియోలు చూసి సాళ్ల మధ్య పడమర నుంచి తూర్పుకు 16 కందకాలు తీయించా. అడుగు లోతు, రెండు చివర్లూ మూసేసి. వీడియోలో ఆ కందకాలు తీసింది ఎర్ర చెలకలో. అక్కడ నీళ్లు గంటల్లో ఇంకిపోతాయి, తేమ నిలబడాలంటే కందకం మూసే ఉంచాలి. నల్లరేగడిలో మూసిన కందకం అంటే కుంట. ఆ వీడియో తప్పు కాదు. నేల తేడా చూసుకోకపోవడం నా తప్పు. నా వీడియో చూసే ఎర్రనేల రైతులు కూడా దయచేసి ఇదే జాగ్రత్త తీసుకోండి. నేను చెప్పేది మీ నేలకు కాదు.

*మూడో తప్పు, తుపాను తర్వాత చేసిన హడావుడి.* నీళ్లుండగానే డ్రమ్ముల కొద్దీ జీవామృతం పోశా. మనం పెంచాలనుకునే సూక్ష్మజీవుల్లో చాలావాటికి గాలి కావాలి. గాలి లేని బురదలో పోస్తే, అవి పెరగకపోగా మిగిలిన ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. ఆ బురదలోనే మనుషుల్ని తిప్పా. తడి బంకమట్టిని తొక్కితే అది ఇటుక బట్టీలో తొక్కిన మట్టి అయిపోతుంది, ఉన్న కాసిని రంధ్రాలు మూసుకుంటాయి. ఇంకా మూడు ట్రాక్టర్ల ఇసుక తోలించి కలిపా. బంకమట్టి గుణం మారాలంటే మట్టిలో సగానికి మించి ఇసుక ఉండాలి. 2 ఎకరాలకు అది అయ్యే పనేనా? కొంచెం ఇసుక కలిపితే ఎండాక ఇంకా గట్టిపడుతుంది. ఇసుక డబ్బులు దండగ.

బాబాయి చెప్పిన మాట

2024 సంక్రాంతి దాటాక, తూర్పు వైపు పొలం బాబాయి గట్టు మీద కూర్చుని ఉంటే దగ్గరికెళ్లా. ఆయన మిరప కూడా మా గట్టు వార పది సాళ్లు పోయింది. ఆయన పొలం మాకన్నా పల్లం. మా నీళ్లు రాకుండా గట్టు ఎత్తు చేసుకున్నాడు. ఆ గట్టు వల్లే మాకు నీళ్లు ఆగుతున్నాయని నాకు లోపల కోపంగానే ఉంది.

"బాబాయ్, గట్టుకి ఒక గండి కొట్టుకుందామా, నీళ్లు పోతాయి" అన్నా.

"పోతాయి, నా మిరపలోకి" అన్నాడు. కాసేపాగి, "ఏరా అబ్బాయ్, ఈ గట్టు పక్కన కాలువుండేది, నీకు గుర్తుందా? డొంక దాకా పోయేది. మీ నాన్నే పూడ్పించాడు, గట్టు సాపు చేసినప్పుడు. అప్పుడే చెప్పా వద్దని" అన్నాడు.

నాకు లీలగా గుర్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ట్రాక్టరు పెట్టి చదును చేయించారు. మూడు నాలుగు సెంట్లు కలిసొచ్చిందని ఇంట్లో అందరం సంతోషించాం. పత్తి వేసినన్నాళ్లు ఆ నష్టం పెద్దగా తెలియలేదు, ఆ మూల నాలుగు సాళ్లు ఎర్రబారితే తుపాను వల్ల అనుకునేవాళ్లం. చెట్లు పెట్టాక తెలిసింది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పా. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే పొలానికి బయల్దేరుతూ, "పూడ్చింది నేనే, తవ్వించేదీ నేనే, పద" అన్నారు.

మీ పొలంలో కూడా నీళ్లు నిలబడుతుంటే ముందు ఊళ్లో 60 ఏళ్లు దాటిన వాళ్లను అడగండి, పాత కాలువ ఎటు పోయేదని. పాత ఎఫ్ఎంబీ పటం ఉంటే తీసి చూడండి. నీళ్లు పాత దారి మర్చిపోవు, మర్చిపోయేది మనమే.

తవ్వేముందు మూడు పరీక్షలు

పార పట్టుకునే ముందు ఇవి చేయండి. ఖర్చు లేనివి.

*1. గుంత పరీక్ష.* అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్లు నింపండి. ఆ నీళ్లు ఇంకాక మళ్లీ నింపి, ఇప్పుడు గంట గంటకూ పుల్లతో కొలవండి. మొదటిసారి కొలవకూడదు, పగుళ్లలోకి పోయే నీళ్లు మనల్ని మోసం చేస్తాయి. వేసవిలో నల్లరేగడి పగుళ్లలో నీళ్లు గటగటా దిగుతాయి, "మా నేలలో ఇంకుతుంది" అనుకుంటాం. రెండు వానలకు పగుళ్లు మూసుకున్నాక చూడాలి అసలు సంగతి. గంటకు అంగుళం దిగితే మీ నేల ఫరవాలేదు. మా గుంతలో నింపిన నీళ్లు మర్నాటి పొద్దుటికి కూడా ముప్పాతిక ఉన్నాయి. అంటే ఇక్కడ నీరు కిందికి పోదు, పక్కకే పోవాలి. ఉరకెత్తే నల్లరేగడికి సూత్రం ఇదొక్కటే, మిగతాదంతా దాని వివరమే.

*2. గడ్డ పరీక్ష.* బఠాణీ గింజంత ఎండు మట్టిగడ్డను గాజు గ్లాసులో వాన నీళ్లలో మెల్లగా వదలండి. కదపొద్దు. గడ్డ విరిగి కింద పడితే ఫరవాలేదు. కొన్ని గంటలకు గడ్డ చుట్టూ పాలలాగా తెల్లగా మబ్బు కడితే మట్టిలో సోడియం ఎక్కువ ఉందని అనుమానించాలి, అంటే చౌడు గుణం. అప్పుడు భూసార పరీక్ష చేయించండి. పీహెచ్ 8.5 దాటి, సోడియం ఎక్కువని తేలితే జిప్సం పనిచేస్తుంది. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, ఆ సోడియం కొట్టుకుపోవడానికి కూడా మళ్లీ మురుగు కాలువ కావాల్సిందే. చౌడు లేని నేలలో మురుగు కోసం జిప్సం వేయడం వృథా. మాది చౌడు కాదని తేలింది, జిప్సం ఖర్చు మిగిలింది.

*3. వాన పరీక్ష.* పెద్ద వానలో గొడుగేసుకుని తోటంతా తిరగండి. గట్ల మీద నుంచే చూడండి, బురదలోకి దిగొద్దు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు కదులుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అని చూసి అక్కడ పుల్ల పాతండి. పై పొలం నుంచి మీ తోటలోకి దిగే నీళ్లు ఎక్కువైతే ముందు వాటిని గట్టు బయటే పక్కకు మళ్లించాలి. ఒక్క వానలో చూసింది వంద వీడియోల్లో కనిపించదు.

కొలత: మేస్త్రీ నీటి గొట్టం చాలు

మా పొలం బల్లపరుపుగా ఉంటుందని అనుకునేవాణ్ణి. తాపీ మేస్త్రీ వాడే పారదర్శకమైన నీటి గొట్టం తెచ్చి, రెండు కర్రలకు అంగుళాల గీతలు గీసి, ఒక పూట కొలిచాం. నైరుతి మూల కంటే ఈశాన్యం మూల 14 అంగుళాలు పల్లం. "వాస్తుకు బాగుందిలెండి" అన్నాడు మేస్త్రీ. వాస్తు సంగతేమోగానీ, నీళ్లు బయటకు పోవాల్సిన మూల ఏదో తేలింది.

వివరంగా చెప్తే, తూర్పు గట్టు పొడవు 300 అడుగులు, దక్షిణం నుంచి ఉత్తరానికి 9 అంగుళాల వాలు. పడమర నుంచి తూర్పుకు 290 అడుగులు, వాలు 5 అంగుళాలే. మురుగు నీళ్లు కదలాలంటే 100 అడుగులకు కనీసం 3 అంగుళాల వాలు చూసుకోండి. 6 వరకు ఫరవాలేదు. మరీ ఎక్కువైతే నీళ్లు మట్టిని కోసుకుపోతాయి. తూర్పు గట్టున ఆ 3 అంగుళాలు సహజంగానే ఉంది. కందకాలకు లేదు, మనం ఇవ్వాలి.

పని ఇలా చేశాం

2024 ఏప్రిల్, మే నెలల్లో, నేల పూర్తిగా ఎండాక చేశాం. తడి నేలలో జేసీబీ దింపితే కాలువ గోడలు జిగురు పూసినట్టు నున్నగా మూసుకుపోతాయి, చుట్టుపక్కల నేల అణిగిపోతుంది.

పని ఎప్పుడూ కింది నుంచి పైకి. ముందు నీళ్లు పోయే చివర, ఆ తర్వాత పెద్ద కాలువ, చివరికి పిల్ల కాలువలు. చాలామంది తోటలో మొదలుపెట్టి గట్టు దగ్గర ఆగిపోతారు.

*డొంక వార కాలువ:* ఉత్తరం వైపు డొంక పక్కన ఉన్న కాలువ తుమ్మ చెట్లతో, తుంగతో పూడిపోయింది. అర కిలోమీటరు అవతల వాగులో కలుస్తుంది. దాన్ని రెండున్నర అడుగుల లోతుకు శుభ్రం చేయించాం. దాని వార పొలాలున్న నలుగురు రైతుల్నీ అడిగి, ఖర్చు పంచుకున్నాం. ఒకాయన ఇవ్వలేదు. ఆయన ముక్క కూడా మేమే తీయించాం. మధ్యలో ఒక్క ముక్క వదిలినా మిగతా కాలువ దండగే కదా.

*తూర్పు గట్టు కాలువ:* బాబాయితో ఒప్పందం ఇదీ. కాలువ పై వెడల్పు 5 అడుగులు, అందులో రెండున్నర అడుగులు మా నేల, రెండున్నర ఆయన నేల. ఒక్కొక్కరికి సెంటుముప్పావు పోయింది. లోతు 2 అడుగులు, అడుగున వెడల్పు ఒక అడుగు. గోడలు నిలువుగా కాకుండా ఏటవాలుగా తీయించాం. నల్లరేగడి ఉబ్బి, కుంగే మట్టి, నిలువు గోడ ఒక్క వానాకాలం కూడా ఆగదు. అంచు వెంబడి వట్టివేరు నాటాం. దాని వేరు నేరుగా లోతుకు పోయి గట్టును పట్టుకుంటుంది, పక్కకు పాకి పంటకు అడ్డం రాదు.

*కందకాలు:* కొత్తవి తవ్వలేదు. ఉన్న 16 కందకాలనే సరిచేశాం. పడమర చివర అడుగు లోతు అలాగే ఉంచి, తూర్పు చివరకు వచ్చేసరికి 16 అంగుళాలు చేశాం. నేల వాలు 5, లోతు పెంచింది 4, మొత్తం 9 అంగుళాల వాలు వచ్చింది. ప్రతి 30 అడుగులకూ నీటి గొట్టంతో అడుగు మట్టం చూసుకున్నాం, మధ్యలో ఒక్కచోట గుంత పడినా అక్కడ నీళ్లు ఆగుతాయి. తూర్పు చివర్లు తెరిచి పెద్ద కాలువలో కలిపాం. కందకం అడుగు కంటే కాలువ అడుగు 8 అంగుళాలు కిందికి ఉంది కాబట్టి కాలువ మూడో వంతు లోతు దాకా నిండినా నీళ్లు వెనక్కి రావు.

*కలిసే చోట:* కందకం కాలువలో పడే ప్రతి చోటా నాలుగు రాళ్లు పరిచి, దాని ముందు చిన్న గుంత పెట్టాం. కొట్టుకొచ్చే మట్టి అందులో దిగుతుంది. ఏడాదికోసారి తీసి బోదెల మీద వేసుకుంటాం. మన మట్టి వాగు పాలు కాకూడదు.

కంకర నింపి పైన మట్టి కప్పే కాలువ చేయమని కొందరు సలహా ఇచ్చారు. సన్న బంకమట్టి కంకర సందుల్లోకి చేరి కొన్నేళ్లలో మూసుకుపోతుంది, పైగా బంకమట్టిలోంచి నీళ్లు అక్కడిదాకా రావడమే కష్టం. కంటికి కనపడే తెరిచిన కాలువే మేలు. పూడితే తెలుస్తుంది, పారతో తీసుకోవచ్చు.

కూరగాయల మడులు

కూరగాయలకు కేటాయించిన 40 సెంట్లలో పద్ధతి మార్చాం. ఇది నేను కనిపెట్టింది కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లు 1970ల్లోనే నల్లరేగడి కోసం వెడల్పాటి మడి, కాలువ పద్ధతి తయారుచేశారు. మీటరున్నర వెడల్పులో మీటరు మడి, అర మీటరు కాలువ, మడులకు 0.4 నుంచి 0.8 శాతం వాలు. అక్కడ 1976 నుంచి నడుస్తున్న దీర్ఘకాల ప్రయోగంలో, ఈ మడుల మీద వానాకాలంలోనూ పంట తీస్తూ, ఎక్కువైన నీళ్లను గడ్డి కాలువల ద్వారా కుంటలోకి మళ్లించారు. వానాకాలంలో ఉరకెత్తుతుందని భయపడి ఖాళీగా వదిలేసే నేలలో రెండు పంటలు వచ్చాయి. మన పెద్దలు మిరపకు బోదెలు ఎగదోయడం కూడా ఇదే సూత్రం కదా.

మేం మూడున్నర అడుగుల మడి, అడుగున్నర కాలువ పెట్టాం. కాలువలోనే నడుస్తాం, మడి మీద కాలు పెట్టం. ఏడాది తొక్కకుండా ఉంచితే మడి మట్టి ఎంత గుల్లబారుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది.

చెట్ల సంగతి

కొత్త మొక్కలకు ఇక గుంత లేదు. అక్కడి మట్టినే లాగి, అడుగున్నర ఎత్తు, 5 అడుగుల వెడల్పు దిబ్బ చేసి, బాగా మాగిన ఎరువు పై పొరలో కలిపి, దిబ్బ మీద నాటుతున్నాం. మట్టి కొంత కుంగుతుంది కాబట్టి అనుకున్న దానికంటే కాస్త ఎత్తుగానే చేయండి.

ఉన్న చెట్ల దగ్గర మాత్రం మొదలు చుట్టూ మట్టి ఎగదోయొద్దు. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోతే నిమ్మకు అక్కడే కుళ్లు మొదలవుతుంది. నిమ్మ గుంత నుంచి పక్క కందకంలోకి అడుగు వెడల్పున చిన్న కోత పెట్టాం. గుంత అడుగున నీళ్లు దీంతో పోవు, అది నిజం. కానీ పై అడుగుంపావు ఆరుతుంది, నీళ్లు పీల్చే సన్న వేర్లలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి.

బంక కారుతున్న చెట్లకు పాడైన బెరడు గీకి బోర్డో పేస్ట్ పూశాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో కలపకూడదు. మైలుతుత్తం ప్రకృతి సేద్యంలో కుదరదు అనేవాళ్లున్నారు, వాళ్ల మాట కాదనను. చెట్టు చచ్చిపోతుంటే నేను పూశాను, దాచడం ఎందుకు.

2024 వానలు పెట్టిన పరీక్ష

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కృష్ణా, గుంటూరు వైపు పడిన వానలు, విజయవాడను బుడమేరు ముంచడం అందరికీ తెలిసిందే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. తెల్లారి వెళ్తే కాలువ నిండుగా ఉంది, నీళ్లు కదలడం లేదు. వాగు పొంగి డొంక కాలువలోకి ఎదురు తన్నింది. నా పని అయిపోయింది అనుకున్నా. వాగు నిండితే ఏ మురుగు కాలువా పనిచేయదు, ఆ సంగతి ముందే తెలిసి ఉండండి.

మధ్యాహ్నానికి వాగు తగ్గింది. కాలువలో నీళ్లు కదిలాయి. మర్నాడు పొద్దుటికి మడుల మీద, చెట్ల మొదళ్ల దగ్గర నీళ్లు లేవు. అంతకు ముందు తొమ్మిది రోజులు నిలబడ్డ చోట ఒక పగలు, ఒక రాత్రి. ఆ వానకు కొత్త బొప్పాయిల్లో నాలుగు పోయాయి, నాలుగూ దిబ్బ సరిగా ఎత్తని చోటే. ఈశాన్యం మూల పది సెంట్లు ఇంకా జవుకుగానే ఉంది. అక్కడ చెట్ల ఆశ వదిలేసి జీలుగ, ఆ తర్వాత పశుగ్రాసం వేస్తున్నాం. ప్రతి సెంటులోనూ మనకు కావాల్సిందే పండాలంటే కుదరదు.

బాబాయి మిరప ఆ ఏడు గట్టు వార కూడా నిలబడింది. ఆయన ఏమీ అనలేదు, ఒక సంచీ పచ్చిమిర్చి మా పాకలో పెట్టి పోయాడు.

జీవామృతం ఎప్పుడు, ఆచ్ఛాదన ఎంత

నీళ్లు పోయి, మట్టి ముద్ద చేస్తే చేతికి అంటకుండా విరిగే పదును వచ్చాక జీవామృతం ఇవ్వండి. అప్పుడు అది పనిచేస్తుంది. పసుపెక్కిన ఆకులు కొన్ని వారాలకు తేరుకుంటాయి, ఎందుకంటే నిలబడ్డ నీళ్లలో నత్రజని వాయువుగా మారి పోయి ఉంటుంది. గాలి తిరిగితేనే మళ్లీ అందుతుంది.

ఆచ్ఛాదన వానాకాలంలో పల్చగా, మొదలుకు జానెడు దూరంగా. నల్లరేగడిలో వానల్లో మందంగా కప్పితే నేల ఆరదు. వానలు వెనకపట్టాక మందం పెంచండి. అప్పుడే కందకాల తూర్పు చివర్లకు మట్టి సంచులు అడ్డం పెడతాం, చివరి వానల తేమ వేసవికి దాచుకోవడానికి. పోవాల్సినప్పుడు పోనివ్వాలి, ఉండాల్సినప్పుడు ఆపుకోవాలి.

వానలకు ముందు నవధాన్యాలు చల్లేటప్పుడు పల్లం వైపు జీలుగ పాలు పెంచండి. అది నీళ్లలో కూడా బతుకుతుంది, దాని వేరు కుళ్లాక మిగిలిన దారుల్లో గాలి, నీరు దిగుతాయి. జనుము నీళ్లు నిలబడే చోట తట్టుకోదు. మూడేళ్లుగా పై ఆరేడు అంగుళాల మట్టి మారుతున్నట్టు తెలుస్తోంది, వానపాములు వచ్చాయి. కానీ ఆ కింద బంక అలాగే ఉంది, ఉంటుంది. జీవం నేలను బాగుచేస్తుంది, నిజమే. ముందు దానికి ఊపిరాడాలి కదా.

ఈ వేసవిలో మీరు చేయాల్సినవి

- పాత కాలువ ఎక్కడుందో పెద్దల్ని అడగండి.
- నీటి గొట్టంతో పొలం వాలు కొలవండి, అన్నిటికంటే పల్లపు మూల గుర్తించండి.
- ఆ మూల నుంచి నీళ్లు ఎవరి పొలం మునగకుండా వాగుకు చేరతాయో తేల్చుకోండి. పక్క రైతుతో మాట్లాడకుండా గట్టు కొయ్యొద్దు.
- నేల పూర్తిగా ఎండాక, కింది నుంచి పైకి తవ్వండి.
- బంకమట్టిలో గుంత వద్దు, దిబ్బ మీద నాటండి.
- మూసిన కందకాలుంటే ఒక చివర తెరవండి.

మాకు జేసీబీ ఖర్చు, కూలీ అన్నీ కలిపి, చచ్చిన చెట్ల మీద, మూడు నెలలు పోయిన కూరగాయల మీద నష్టపోయిన దానిలో మూడో వంతు కూడా కాలేదు. ఆ పని 2022లో మొక్క పెట్టకముందే చేసి ఉంటే సగం ఖర్చులో అయిపోయేది. చెట్లుంటే జేసీబీ తిప్పడానికి చోటుండదు.

ఇప్పుడు ప్రతి ఏటా జూన్‌కు ముందు నాన్న, నేను, బాబాయి ముగ్గురం పారలు పట్టుకుని ఒక పూట ఆ కాలువ పొడుగునా నడుస్తాం. పూడిన చోట తీస్తాం, వట్టివేరు కోస్తాం. మీ కాలువ కూడా ఒకసారి నడిచి చూసుకోండి.